నలభై దాటాక సరళీ స్వరాలు: చిన్నప్పటి సంగీతం కలను కర్నూల్లోనే నెరవేర్చుకోవడం ఎలా

చిన్నప్పుడు సంగీతం నేర్చుకోవాలని ఆశపడి, ట్యూషన్లు, పదో తరగతి, ఎంసెట్, ఉద్యోగం, పెళ్ళి అంటూ వరసగా ఏదో ఒకటి అడ్డం పడి ఆ ఆశ అటకెక్కిపోయినవాళ్ళు మన కర్నూల్లో వీధికి ఇద్దరైనా ఉంటారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణే. నలభై దాటాక మొదలుపెట్టాను, ఇప్పుడు వర్ణాలు (కీర్తనలకు ముందు నేర్పే పెద్ద పాఠాలు) పాడుతున్నాను. ఇన్నాళ్ళలో నాతో పాటు మొదలుపెట్టి మధ్యలో ఆపేసినవాళ్ళని చాలామందినే చూశాను. వాళ్ళలో గొంతు బాగాలేక ఆగిపోయినవాళ్ళు నాకు ఒక్కరు కూడా గుర్తులేరు. చెవి తయారు కాకముందే కీర్తనల మీద పడి, అవి రాక, "ఈ వయసులో మనకు రాదులే" అని లేచిపోయినవాళ్ళే అందరూ. అందుకే ఈ వ్యాసంలో పాటల గురించి తక్కువ, చెవి గురించి ఎక్కువ ఉంటుంది.

రాసింది కర్ణాటక సంగీతం, అందులోనూ గాత్రం గురించి. వీణ, వయొలిన్ అనుకునేవాళ్ళకి కూడా సగానికి సగం పనికొస్తుంది. కర్నూలు పేరే ఎక్కువసార్లు వస్తుంది కానీ అనంతపురంలో ఉన్నా, కడపలో ఉన్నా పద్ధతి ఇదే.

ముందు మీకేం కావాలో తేల్చుకోండి

ఒకరికి ఇంట్లో పూజ దగ్గర నాలుగు కీర్తనలు శుద్ధంగా పాడుకుంటే చాలు. ఇంకొకరికి కచేరీ వింటుంటే ఇది ఏ రాగమో తెలియాలి. మరొకరికి స్టేజీ ఎక్కాలని. ఈ ముగ్గురికీ మొదటి ఏడాది పాఠం ఒకటే కాబట్టి దీని గురించి మరీ తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. కానీ మూడో రకం వాళ్ళతో ఒక్క మాట. నలభైలో మొదలుపెట్టి పూర్తిస్థాయి కచేరీ విద్వాంసులు కావడం చాలా కష్టం. ఇది ఇప్పుడే ఒప్పుకుంటే తర్వాత నిరాశ ఉండదు. గుళ్ళో అరగంట పాడటం, గోష్ఠిగానంలో (అందరూ కలిసి పాడేచోట) కూర్చోవడం, వర్ణాన్ని రెండు కాలాల్లో (వేగాల్లో) తాళం తప్పకుండా పాడటం మాత్రం పట్టుదల ఉన్న ఎవరికైనా అందుతాయి.

ఉద్యోగం చేస్తూ సంగీతం ఎక్కడ కుదురుతుంది అనేవాళ్ళకి మన ఊళ్ళోనే సమాధానం ఉంది. డాక్టర్ శ్రీపాద పినాకపాణి గారు (1913–2013) కర్నూలు మెడికల్ కాలేజీలో వైద్యం బోధించిన ప్రొఫెసర్. నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ లాంటి విద్వాంసులు ఆయన శిష్యులు. రిటైరయ్యాక కూడా ఆయన ఈ ఊళ్ళోనే ఉన్నారు, ఇక్కడే కన్నుమూశారు. ఆయన చిన్ననాటి నుంచే నేర్చుకున్నవారు కాబట్టి మనతో పోలిక పెట్టడం లేదు, కానీ ఆసుపత్రి రౌండ్ల మధ్య సంగీతానికి చోటు దొరికిందంటే ఆఫీసు ఫైళ్ళ మధ్య దొరకదా అని నాకు నేను చెప్పుకునే మాట ఇది. అనంతపురం జిల్లాలో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి (1893–1979) సంగతీ చెప్పుకోవాలి. మైసూరు మహారాజా కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాక తిరుపతి చేరి, రాగిరేకుల మీద ఉన్న అన్నమయ్య సంకీర్తనలకు స్వరాలు కట్టే పనిలో దిగారు. ఆయన అంతటి పండితుడే యాభై దాటాక అంత పెద్ద పని తలకెత్తుకున్నారంటే, మనం నలభైకే ముసలివాళ్ళం అయిపోయినట్టు మాట్లాడటం మానేయాలి.

మీ శ్రుతి కనుక్కోండి

శ్రుతి అంటే మీ గొంతుకి హాయిగా ఉండే ఆధార స్వరం. గురువు దగ్గరికి వెళ్ళకముందే ఇంట్లో చేయగలిగిన పని ఇది. తంబూరా యాప్ ఫోన్లో ఉచితంగా దొరుకుతుంది. యాప్‌లో సీ, డీ, జీ అని అక్షరాలు కనిపిస్తాయి. మనవాళ్ళ లెక్కలో సీ అంటే ఒకటి శ్రుతి, సీ షార్ప్ ఒకటిన్నర, డీ రెండు, జీ అయిదు, జీ షార్ప్ అయిదున్నర. మగవాళ్ళు ఒకటితో, ఆడవాళ్ళు అయిదుతో మొదలుపెట్టి చూడండి.

షడ్జం, అంటే "స", పట్టుకోండి. అక్కడి నుంచి నెమ్మదిగా కిందికి దిగుతూ మంద్ర పంచమం దాకా వెళ్ళండి. ఆ కింది "ప" గొంతులో గరగరలాడకుండా వినిపించాలి. మళ్ళీ పైకి ఎక్కుతూ తార షడ్జం (పై "స") దాటి గాంధారం ("గ") దాకా రండి. అక్కడ అరిచినట్టు ఉండకూడదు, మెడ నరాలు బిగుసుకోకూడదు. కింద అందకపోతే అర శ్రుతి పెంచండి, పైన అందకపోతే అర శ్రుతి తగ్గించండి. ఒక పూట చూసి తేల్చేయకండి, పొద్దున లేవగానే గొంతు బరువుగా, కిందికి ఉంటుంది, సాయంత్రానికి తేలికపడుతుంది. రెండు పూటలా నాలుగైదు రోజులు చూస్తే మీ చోటు మీకే తెలుస్తుంది. తర్వాత గురువు గారు మారిస్తే మారనివ్వండి, కానీ ఫలానా విద్వాంసుడి రికార్డింగ్‌కి సరిపోవాలని మాత్రం మార్చకండి.

ఇక అసలు పని. తంబూరా పెట్టుకుని, నోరు మూసుకుని, "మ్" అంటూ "స" పట్టండి. కావాలనే కొంచెం కింది నుంచి మొదలుపెట్టి చాలా నెమ్మదిగా పైకి జరపండి. మీ స్వరం తంబూరా స్వరానికి దగ్గరవుతున్నప్పుడు రెండింటి మధ్య ఒక ఊపు వినిపిస్తుంది, వ్వ... వ్వ... వ్వ... అన్నట్టు. దగ్గరయ్యే కొద్దీ ఆ ఊపు నెమ్మదిస్తుంది. సరిగ్గా కలిసిన క్షణాన ఊపు ఆగిపోయి, మీ గొంతు తంబూరాలో కలిసిపోయి విడిగా వినిపించడం మానేస్తుంది. రెండు ధ్వనుల కంపనాల సంఖ్యలో ఉన్న తేడాయే ఆ ఊపు. తేడా పోతే అదీ పోతుంది. ఇందులో గొంతు మాధుర్యానికి సంబంధమే లేదు. "నా గొంతు బాగుందా" అని ఇంట్లోవాళ్ళని అడగడం మానేసి, రోజూ ఈ ఊపు ఆగిందా లేదా అని మిమ్మల్ని మీరు అడగండి. స్వరాల తేడా నిజంగానే వినిపించని మనుషులు చాలా అరుదు. మిగతావాళ్ళందరికీ కావలసింది అలవాటే.

చిన్న విషయమే కానీ చెప్పాలి. ఫోన్ స్పీకర్లో తంబూరా కింది ధ్వనులు సరిగ్గా రావు, చెవికి పట్టు దొరకదు. ఏదో ఒక చిన్న బ్లూటూత్ స్పీకర్ పెట్టుకోండి. హార్మోనియం, కీబోర్డు మీద ఒక్కో స్వరం నొక్కుకుంటూ దానితో పాటు పాడటం మాత్రం వద్దు. అప్పుడు స్వరస్థానం వెతికే పని మీ చెవి చేయదు, వేలు చేస్తుంది.

గురువు

యూట్యూబ్ చూసి నేర్చుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. పాఠం గుర్తుచేసుకోవడానికి పనికొస్తుంది, నేర్చుకోవడానికి పనికిరాదు. మీ రిషభం, అంటే "రి", ఎక్కువైందని వీడియో చెప్పదు కదా.

కర్నూల్లో ప్రభుత్వ శారదా సంగీత కళాశాల ఉంది. సర్టిఫికెట్, డిప్లొమా పద్ధతిలో చదవాలనుకుంటే నేరుగా వెళ్ళి అడ్మిషన్లు, వయసు నిబంధన, క్లాసుల వేళలు కనుక్కోండి, ఫోన్ల మీద తేలదు. ఇంట్లో పాఠం చెప్పేవాళ్ళ కోసమైతే మీ పేటలో గుడికి వెళ్ళి, శుక్రవారమో శనివారమో అక్కడ శాస్త్రీయంగా పాడేవాళ్ళని కదిలించండి, వాళ్ళ గురువెవరో తెలుస్తుంది. బోర్డులు చూసి వెళ్ళడం కంటే ఇది నయం.

గురువుని ఎంచుకునేటప్పుడు నేను చూసేవి రెండే. ఒకటి, మీరు తప్పు పాడినప్పుడు ఆపుతారా లేదా. పెద్దవాళ్ళం కదా అని మొహమాటపడి "పర్లేదు సార్, బాగుంది" అనేసి తర్వాతి పాఠానికి వెళ్ళిపోయేవాళ్ళ దగ్గర ఏడాదిలో పుస్తకం పూర్తవుతుంది కానీ సంగీతం రాదు. మొదటిరోజే చెప్పేయండి, "పిల్లల్ని ఆపినట్టే నన్నూ ఆపండి" అని. రెండు, మొదటి నెలలోనే సినిమా పాటో కీర్తనో నేర్పిస్తామన్నారా. అన్నారంటే వద్దు.

చాలాచోట్ల గురువు మీకంటే చిన్నవాళ్ళు అయ్యుంటారు. పాతికేళ్ళ అమ్మాయి పాఠం చెబుతుంది, పక్కన మూడో తరగతి పిల్లలు కూర్చుని ఉంటారు, వాళ్ళు మీకంటే ముందు పాఠంలో ఉంటారు, "అంకుల్, తాళం తప్పింది" అని కూడా అంటారు. ఇది చాలామందికి మింగుడుపడదు. ఆ పిల్లలతో కలిసి కూర్చోవడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే పిల్లలు తప్పు పాడినా వెంటనే మళ్ళీ పాడతారు, మనలాగా సంజాయిషీ చెప్పుకుంటూ కూర్చోరు. ఆ అలవాటు చూసి నేర్చుకోవలసిందే. గురువు వయసు ఎంతైనా "మేడం", "గురువు గారు" అనే పిలవండి, చాప మీద కూర్చోబెడితే చాప మీదే కూర్చోండి, మోకాళ్ళ నొప్పి ఉంటే ముందే చెప్పి కుర్చీ అడగండి. అందులో తప్పేం లేదు.

ఆన్‌లైన్ క్లాసు తప్పకపోతే రెండు జాగ్రత్తలు. నెట్‌లో ధ్వని కొంచెం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరూ కలిసి పాడటం కుదరదు, గురువు పాడాక మీరు పాడాలి, తంబూరా ఎవరిది వాళ్ళు పెట్టుకోవాలి. ఇంకోటి, జూమ్ లాంటి యాప్‌లు తంబూరా ధ్వనిని ఫ్యాను చప్పుడు అనుకుని నొక్కేస్తాయి, మీరు పట్టిన దీర్ఘస్వరం కూడా మధ్యలో తెగి వినిపిస్తుంది. సెట్టింగ్స్‌లో ఒరిజినల్ సౌండ్ ఆన్ చేసుకుంటే ఆ బాధ తీరుతుంది.

చోటు, వేళ

రోజూ అరగంట చాలు. ఆదివారం మూడు గంటలు కూర్చుని మిగతా ఆరు రోజులు వదిలేస్తే ఏమీ నిలవదు. వేసవిలో కర్నూల్లో తొమ్మిదికే ఎండ మాడ్చేస్తుంది కాబట్టి తెల్లవారుజామున అయిదున్నర, ఆరు మధ్య మిద్దె మీద కూర్చోవడం బాగుంటుంది. అద్దె ఇల్లయి, కింద ఓనరు ఉంటే ఒకసారి వెళ్ళి చెప్పి రండి. "ఈ వయసులో సరిగమలేంది సామీ" అని ఒకటి రెండు రోజులు అంటారు, మూడో రోజు నుంచి పట్టించుకోరు. ఇంట్లోవాళ్ళకి కూడా ముందే చెప్పాలి, ఆ అరగంటలో పాల ప్యాకెట్ తేవడం, పిల్లల లంచ్ బాక్సు, ఇవన్నీ ఎవరు చూస్తారో మాట్లాడుకోవాలి. ఒకరి కల కోసం ఇంకొకరు రోజూ విసుక్కుంటూ పని మోస్తుంటే అది ఎక్కువకాలం సాగదు. సాయంత్రం అరగంట మీరు వంటింట్లో ఉంటే లెక్క సరిపోతుంది.

ఆ అరగంట ఎలా వాడాలంటే, మొదటి అయిదు నిమిషాలు స, ప, పై స మాత్రమే, అకారంలో ("ఆ" అంటూ), ఊపిరి ఉన్నంతసేపు. తర్వాత పది నిమిషాలు పాత పాఠం మూడు కాలాల్లో. మిగిలింది కొత్త పాఠానికి. కొత్తది రాకపోయినా మొదటి అయిదు నిమిషాలు వదలకండి.

సరళీ స్వరాలు, అందరూ తొందరపడే చోటు

పాఠాల వరుస అందరికీ ఒకటే: సరళీ స్వరాలు, జంట స్వరాలు, దాటు స్వరాలు, ఏడు తాళాల అలంకారాలు, గీతాలు, స్వరజతి, వర్ణం, ఆ తర్వాతే కీర్తన. ఈ వరుసని పురందరదాసు ఏర్పరిచారని సంప్రదాయం చెబుతుంది. మొదటి పాఠాలన్నీ మాయామాళవగౌళ రాగంలో ఉంటాయి, పదిహేనో మేళకర్త (మూల రాగం).

ఈ రాగంలో "స" పక్కనే అతి దగ్గరగా "రి" ఉంటుంది, తర్వాత "గ" దూరంగా, దానికి ఆనుకుని "మ". పైన కూడా అచ్చం ఇంతే, "ప" పక్కన "ద", దూరంగా "ని", దాన్ని ఆనుకుని పై "స". అంటే కింది సగం వస్తే పై సగం వచ్చినట్టే. సినిమా పాటలు విని పెరిగిన మన చెవికి ఈ శుద్ధ రిషభం కొత్త. తెలియకుండానే పైకి పాడేస్తాం, శంకరాభరణం రాగంలోని రిషభం వచ్చేస్తుంది. గురువు ఆపేది ఎక్కువగా ఇక్కడే. దీనికి నాకు పనికొచ్చిన మార్గం చెబుతాను: "స" పట్టుకుని, కళ్ళు మూసుకుని, అతి కొద్దిగా, ఇంకా కొంచెం పైకెళ్ళాలి అనిపించేచోటే ఆగి "రి" అనండి. మళ్ళీ "స"కి రండి. స రి స, స రి స. తంబూరాకి "స" కలుస్తుంది, "రి" కలవకుండా ఒరుసుకుంటూ ఉంటుంది. ఆ ఒరిపిడి వినిపించడం మొదలైతే మీ చెవి దారిలో పడినట్టు.

ఆది తాళం ఎనిమిది లెక్క. అరచేత్తో తొడ మీద ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు. తర్వాత దెబ్బ, అరచెయ్యి వెల్లకిలా తిప్పడం, మళ్ళీ దెబ్బ, తిప్పడం. మొదటి సరళీలో ఎక్కేటప్పుడు ఎనిమిది స్వరాలు, దిగేటప్పుడు ఎనిమిది. మొదటి కాలంలో లెక్కకో స్వరం కాబట్టి రెండు ఆవర్తాలు (ఎనిమిది లెక్కల చుట్లు) పడుతుంది. రెండో కాలంలో లెక్కకు రెండు స్వరాలు, ఒక్క ఆవర్తంలో అయిపోతుంది. మూడో కాలంలో లెక్కకు నాలుగు, సగం ఆవర్తంలోనే పూర్తవుతుంది కాబట్టి ఆవర్తం నిండటానికి రెండుసార్లు పాడాలి. చెయ్యి వేగం మూడు కాలాల్లోనూ మారకూడదు. చెయ్యి తొందరపడిందంటే కాలం పెరిగినట్టు కాదు, తాళం పోయినట్టు.

పెద్దవాళ్ళు ఇక్కడ మొదటి కాలాన్ని హాయిగా, కాస్త వేగంగా మొదలుపెట్టి మూడో కాలంలో స్వరాలు నలిపేస్తారు. మూడో కాలంలో స్పష్టంగా పాడగలిగే వేగమేదో ముందు చూసుకోండి, దాన్నిబట్టి మొదటి కాలం పెట్టుకోండి. మొదట్లో నిమిషానికి 40 దెబ్బలైనా ఫర్వాలేదు. మొదటి కాలం అంత నిదానంగా పాడటం చాలా కష్టం, స్వరం నిలపాలి, ఊపిరి చాలదు, అందుకే అందరూ తప్పించుకుంటారు. చెవి తయారయ్యేది ఆ నిదానంలోనే.

వారానికి రెండు క్లాసులు, రోజూ అరగంట సాధన ఉంటే గీతాల దాకా రావడానికి ఏడాది, వర్ణానికి రెండు మూడేళ్ళు పడుతుంది. పిల్లలకి ఇంతకంటే తక్కువ పట్టొచ్చు. పట్టనివ్వండి.

గొంతు

రాత్రి పదింటికి మిరపకాయ బజ్జీలు, కారం దట్టించిన కూర తిని వెంటనే పడుకుంటే పొద్దున గొంతులో జిగట, మంట, మాటిమాటికీ సకిలించాలనిపించడం ఉంటాయి. కడుపులో ఆమ్లం పైకి తన్ని స్వరపేటికని తాకడం వల్ల వచ్చేది ఇది. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే భోంచేయండి. ఉగ్గాని, బజ్జీ మానేయమని చెప్పను, రాత్రి పూట వద్దంటాను. సకిలించబుద్ధి అయినప్పుడు రెండు గుక్కలు నీళ్ళు తాగండి, సకిలించడం గొంతుకి దెబ్బే. జలుబు చేసినప్పుడు గుసగుసగా పాడటం కూడా మంచిది కాదు, ఆ రోజు తాళం వేస్తూ మనసులో పాఠం అనుకోండి చాలు. గొంతు బొంగురుపోయి మూడు వారాలు దాటినా తగ్గకపోతే మిరియాల కషాయాలతో కాలం గడపకుండా ఈఎన్‌టీ డాక్టరుకి చూపించుకోవాలి, ముఖ్యంగా రోజంతా మాట్లాడే ఉద్యోగం ఉన్నవాళ్ళు, పొగతాగేవాళ్ళు.

ఆర్నెల్ల గోడ

అయిదారు నెలలకి ఒక దశ వస్తుంది. ఎంత సాధన చేసినా అక్కడే ఉన్నట్టు, ఇంకా చెప్పాలంటే వెనక్కి పోతున్నట్టు ఉంటుంది. ఆపేసేవాళ్ళు ఎక్కువగా ఇక్కడే ఆపేస్తారు, అందుకని దీని గురించి గట్టిగా చెప్పదలచుకున్నాను. ఆ దశలో గొంతు కంటే చెవి ముందు పెరుగుతుంది. మొన్నటిదాకా వినిపించని తప్పులు ఇప్పుడు వినిపిస్తున్నాయి, అంతే. నమ్మకం కుదరకపోతే వారానికోసారి ఒకే పాఠం, ఒకే శ్రుతిలో ఫోన్లో రికార్డు చేసి తేదీ వేసి దాచండి. పాడిన వెంటనే వినకండి, మర్నాడు వినండి. మూడు నెలల కిందటిది, ఇవాళ్టిది పక్కపక్కన పెట్టి వింటే తేడా మీకే తెలుస్తుంది. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టకండి, పొగిడినా తిట్టినా ఈ దశలో రెండూ చేటే.

నలుగురిలో మొదటిసారి

మలహరి రాగంలో పురందరదాసు గీతాలు వచ్చేసరికి నలుగురిలో పాడే దశ వచ్చినట్టే. వాటిలో మొదట నేర్పేది వినాయకుడి స్తుతి. మన ఊళ్ళో వినాయక చవితికి వీధి వీధికీ మంటపం ఉంటుంది, కేసీ కెనాల్‌లో నిమజ్జనం దాకా అందరూ అక్కడే. సాయంత్రాలు డీజే హోరులో కుదరదు కానీ పొద్దున పూజ వేళ పదిమందే ఉంటారు. మంటపం కుర్రాళ్ళని అడిగితే సంతోషంగా మైక్ ఇస్తారు. "మైక్ వద్దు తమ్ముడూ, తంబూరా పెట్టుకుంటా" అని కూర్చోండి. ఒక్క గీతం, మీ శ్రుతిలో, మీకు తెలిసిన నిదానంలో పాడి లేచి రండి. టెన్షన్‌లో అందరికీ తాళం పరిగెత్తుతుంది కాబట్టి ఇంట్లో పాడే వేగం కంటే కావాలనే కొంచెం తగ్గించి ఎత్తుకోండి.

వర్ణాలు దాటి కీర్తనల్లోకి వచ్చాక గురువు గారితో త్యాగరాజ ఆరాధన సంగతి ఎత్తండి. పుష్య బహుళ పంచమి నాడు, సాధారణంగా జనవరిలో వస్తుంది, తమిళనాడులోని తిరువయ్యారుతో పాటు ఎన్నో ఊళ్ళలో పంచరత్న కీర్తనల గోష్ఠిగానం జరుగుతుంది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఈ అయిదు రాగాల్లో ఉంటాయవి. అయిదూ ఒకే ఏడాదిలో నేర్చేసుకోవాలని చూడకండి. పొడవాటి స్వర వరసలకి సాహిత్యం కూడా ఉంటుంది, ఒక్కోదానికి నెలలు పడతాయి. ఒకటి పూర్తిగా వచ్చిన ఏడాది వెళ్ళి, బాగా పాడేవాళ్ళ వెనక వరుసలో, వాళ్ళ గొంతు చెవిన పడేంత దగ్గరగా కూర్చోండి. వచ్చినదాంట్లో గొంతు కలపండి, మిగతా నాలుగూ పుస్తకం ముందు పెట్టుకుని తాళం వేస్తూ వినండి. గోష్ఠిలో శ్రుతి మీది కాకపోవచ్చు, తార స్థాయి అందనిచోట అరవకుండా ఆగి, కిందికి వచ్చాక మళ్ళీ అందుకోండి. పక్కన కూర్చున్న పెద్దవాళ్ళ పేరు, వాళ్ళ గురువు పేరు అడిగి రండి. మరుసటి ఏడు ఏ కీర్తన ముందు నేర్చుకోవాలో వాళ్ళే చెబుతారు.